సెలవుల్లో హెచ్‌డీఆర్ ఫొటోగ్రఫీ: ఓరుగల్లు చుట్టుపక్కల తిరుగుతూ నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) ఎందుకు? మామూలుగా తీస్తే ఏం పోతుంది?

రామప్ప గుడి మండపంలో నిలబడి బయటికి చూడండి. పక్కనున్న నల్లరాతి స్తంభం మీది చెక్కడం కనిపిస్తుంది, దర్వాజ అవతల ఎండలో మెరిసే పచ్చికా కనిపిస్తుంది. చూపు తిప్పిన ప్రతిసారీ కన్ను సర్దుకుంటుంది కాబట్టి మనకు తేడా తెలియదు. కెమెరాకు ఆ వీలు లేదు. స్తంభానికి సరిపడా వెలుతురు తీసుకుంటే బయటంతా సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. బయటికి సరిపెడితే స్తంభం మసిబొగ్గు అవుతుంది.

వెలుతురు రెట్టింపు అయితే దాన్ని ఒక స్టాప్ అంటారు. ఇప్పటి మంచి కెమెరాలు తక్కువ ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) దగ్గర, రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదాన్ని అలాగే దాచే ఫైల్), 11 నుంచి 14 స్టాప్‌ల దాకా పట్టుకుంటాయి. మిట్టమధ్యాహ్నం గుడి లోపలి చీకటీ బయటి ఎండా ఒకే ఫ్రేమ్‌లోకి వస్తే ఆ తేడా అంతకు మించిపోతుంది. అందుకే వేర్వేరు ఎక్స్‌పోజర్లలో (వెలుతురు మోతాదుల్లో) కొన్ని ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో బాగా వచ్చిన భాగాన్ని తీసుకుని ఒకటిగా కలుపుతారు. అలా వరుసగా తీయడాన్ని బ్రాకెటింగ్ అని, కలిపి చేసేదాన్ని హెచ్‌డీఆర్ అని అంటారు. ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకో నెగెటివ్ వాడి ఒకే ప్రింట్ వేశాడు.

ప్రతి ఫొటోకూ హెచ్‌డీఆర్ కావాలా?

వద్దు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసే మొదటి తప్పు ఇదే. మబ్బు పట్టిన రోజు పాకాల చెరువు కట్ట మీద నిలబడితే వెలుతురు అంతటా ఒకేలా ఉంటుంది. అక్కడ ఒక్క రా ఫైల్ చాలు. సూర్యుడు మీ వెనక ఉండి, గుడి ముందు భాగం మీద ఎండ పడుతున్నప్పుడు కూడా అంతే.

కావాలో వద్దో హిస్టోగ్రామ్ (కెమెరా చూపించే వెలుగుచీకట్ల గ్రాఫ్) చెబుతుంది. ఒక ఫొటో తీసి చూడండి. గ్రాఫ్ కుడి గోడకు ఆనుకుని విరిగిపోతే వెలుగు భాగం పోయినట్టు, ఎడమ గోడకు ఆనితే చీకటి భాగం పోయినట్టు. ఒక వైపే ఆనుతుంటే ఎక్స్‌పోజర్‌ను కొంచెం జరిపితే సరిపోతుంది. రెండు వైపులా ఒకేసారి ఆనుతుంటేనే బ్రాకెటింగ్ అవసరం. కెమెరా స్క్రీన్ మీద బొమ్మ ఎలా కనిపిస్తోందో చూసి నిర్ణయించుకోకండి. ఎండలో ఆ స్క్రీన్‌ను నమ్మలేం.

కెమెరాలో ఏయే సెట్టింగులు పెట్టాలి?

డయల్‌ను అపర్చర్ ప్రయారిటీకి తిప్పండి (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం వెడల్పు, మీరు పెడితే షట్టర్ వేగాన్ని కెమెరా ఎంచుకుంటుంది). అపర్చర్ ఎఫ్ 8, ఐఎస్ఓ 100, ఫైల్ రా. ఆటో ఐఎస్ఓ తప్పనిసరిగా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే, షట్టర్‌తో మార్చాల్సిన వెలుతురును కెమెరా ఐఎస్ఓ పెంచి మారుస్తుంది. అప్పుడు మూడో ఫ్రేమ్‌లో గరుకు (నాయిస్) పెరుగుతుంది, కారణం మీకు అంతుబట్టదు.

బ్రాకెటింగ్‌లో మారాల్సింది షట్టర్ వేగం ఒక్కటే. అపర్చర్ మారితే ముందూ వెనకా ఎంతవరకు స్పష్టంగా ఉండాలన్నది ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మారిపోయి, కలిపినప్పుడు అంచులు మసకబారతాయి. ఫోకస్ ఒకసారి ఆటోతో పట్టుకుని, లెన్స్ మీది మీటను మాన్యువల్‌కు మార్చండి. లేకపోతే చీకటి ఫ్రేమ్ దగ్గర లెన్స్ మళ్లీ వెతుక్కోవడం మొదలుపెడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఎండ గుర్తు మీదో నీడ గుర్తు మీదో నిలిపేయండి. రాలో అయితే తర్వాత మార్చుకోవచ్చు గానీ, జేపెగ్‌లో తీస్తే ఒక ఫ్రేమ్ పసుపు, ఇంకోటి నీలం అయి కలవవు.

డ్రైవ్ మోడ్‌ను కంటిన్యూయస్‌లో పెట్టి షట్టర్ బటన్‌ను మూడు క్లిక్కులూ వినిపించేదాకా నొక్కి పట్టుకోండి. ట్రైపాడ్ మీద ఉంటే రెండు సెకన్ల టైమర్ మేలు. చాలా కెమెరాల్లో టైమర్ పెడితే సెట్ మొత్తం ఒకేసారి తీసేస్తుంది.

ఎన్ని ఫ్రేములు తీయాలి? ఒక్కోదానికీ ఎంత తేడా ఉండాలి?

రాలో తీసేవాళ్లకు రెండేసి స్టాప్‌ల తేడాతో మూడు ఫ్రేములు, అంటే −2, 0, +2, నూటికి తొంభై చోట్ల సరిపోతాయి. ఒక స్టాప్ తేడాతో ఐదు తీసినా చివరికి అందేది అదే వెలుతురు. కార్డు నిండటం తప్ప లాభం పెద్దగా లేదు. జేపెగ్‌లో తీస్తే మాత్రం తేడా చిన్నగా ఉండి, ఫ్రేములు ఎక్కువ ఉండటమే మంచిది.

రెండు స్టాప్‌లంటే నాలుగు రెట్లు. మధ్య ఫ్రేమ్ 1/60 అయితే చీకటిది 1/250, వెలుగుది 1/15 వస్తాయి. ఈ లెక్క నోటికి వచ్చేదాకా అలవాటు చేసుకోండి. షట్టర్ వేగం చూడగానే వెలుగు ఫ్రేమ్ చేతిలో వణుకుతుందో లేదో తెలిసిపోతుంది.

గుడి లోపలి నుంచి దర్వాజ బయటికి తీసేటప్పుడు మూడు ఫ్రేములు చాలడం లేదు. ఏం చేయాలి?

అన్నిటికంటే కష్టమైన దృశ్యం ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. ఎండాకాలం మధ్యాహ్నం, ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర బయటి నేలకు 1/500 సరిపోతుందనుకోండి. లోపలి నల్లరాతి స్తంభానికి 2 సెకన్లు కావచ్చు. రెండు స్టాప్‌ల చొప్పున లెక్కపెడితే 1/500, 1/125, 1/30, 1/8, 1/2, 2 సెకన్లు. మధ్యలో పది స్టాప్‌లు, మొత్తం ఆరు ఫ్రేములు.

మీ కెమెరా మూడు మాత్రమే బ్రాకెట్ చేస్తే రెండు సెట్లు తీయండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కను పెంచే, తగ్గించే ప్లస్-మైనస్ సెట్టింగ్) −2 పెట్టి ఒక సెట్ తీస్తే −4, −2, 0 వస్తాయి. +2 పెట్టి ఇంకో సెట్ తీస్తే 0, +2, +4 వస్తాయి. సున్నా రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒకటి పక్కన పెట్టేయండి. చేతిలో ఐదు ఫ్రేములు, ఎనిమిది స్టాప్‌ల విస్తృతి. మిగతా రెండు స్టాప్‌లను రా ఫైలే లాగుతుంది. రెండు సెట్లకూ మధ్య కెమెరా కదలకూడదు, అసలు చిక్కల్లా అక్కడే.

చేతిలో పట్టుకునే తీయాలంటే ఇంకో ఇరుకు ఉంది. వణుకు తగ్గించుకోవడానికి ఐఎస్ఓ 1600కీ, అపర్చర్ ఎఫ్ 4కీ పెంచారనుకోండి. 2 సెకన్లు 1/30కి దిగుతుంది, బాగానే ఉంది. కానీ ఆ లెక్కన బయటి ఎండకు కావాల్సిన 1/500 కాస్తా 1/32000 అవుతుంది. ప్రారంభ స్థాయి కెమెరాల షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. మీరు బ్రాకెట్ చేశాననుకుంటారు గానీ చీకటి ఫ్రేమ్ నిజంగా చీకటిగా రాదు, ఆకాశం తెల్లగానే మిగులుతుంది. మధ్యే మార్గం ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6. అప్పుడు 1/4000 నుంచి 1/4 దాకా వస్తుంది. స్టెబిలైజేషన్ (వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న 18 మిల్లీమీటర్ల లెన్స్‌తో, భుజాన్ని స్తంభానికి ఆనించి ఊపిరి బిగబట్టి తీస్తే 1/4 దగ్గర కూడా నిలకడగా వస్తుంది. రెండు మూడు సెట్లు తీసి అందులో మంచిది ఏరుకోండి.

ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు. మీరు వెళ్లిన రోజు మీటర్ ఏం చూపిస్తే అదే లెక్క.

నా కెమెరాలో బ్రాకెటింగ్ ఆప్షనే లేదు.

నికాన్ డీ3500, దానికి ముందు వచ్చిన డీ3000 వరుస కెమెరాల్లో ఆటో బ్రాకెటింగ్ ఉండదు. అపర్చర్ ప్రయారిటీలో ఉండి, ప్లస్-మైనస్ బటన్ నొక్కి పట్టుకుని చక్రం తిప్పండి. ఒక్కో క్లిక్కు స్టాప్‌లో మూడో వంతు. ఆరు క్లిక్కులకు రెండు స్టాప్‌లు. ట్రైపాడ్ లేకుండా ఇది చేస్తే బటన్ నొక్కినప్పుడల్లా ఫ్రేమ్ జరుగుతుంది. చేతిలోనే తీయక తప్పకపోతే చుట్టూ పదో వంతు ఖాళీ వదిలి కొంచెం వెడల్పుగా తీయండి. ఫ్రేములు సరిచేసి కలిపాక అంచులు కత్తిరించాల్సి వస్తుంది.

బ్రాకెటింగ్ పెట్టాక ఇంట్లోవాళ్ల ఫొటోలన్నీ ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా వస్తున్నాయి!

ఆఫ్ చేయడం మరిచిపోయారు. కెనాన్‌లో చాలా మోడళ్లలో స్విచ్ ఆపగానే బ్రాకెటింగ్ పోతుంది. నికాన్‌లో పోదు, మర్నాడు దాకా అలాగే కూర్చుంటుంది. గుడి నుంచి బయటికి వచ్చి చెప్పులు వేసుకునేటప్పుడు మూడు పనులు చేసే అలవాటు పెట్టుకోండి. బ్రాకెటింగ్ ఆఫ్, ఫోకస్ ఆటో, కాంపెన్సేషన్ సున్నా.

ట్రైపాడ్ తీసుకెళ్లనిస్తారా?

రామప్ప, వేయి స్తంభాల గుడి, ఓరుగల్లు కోట మూడూ భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. ఫోన్‌తో గానీ చేతి కెమెరాతో గానీ ఫొటోలు తీసుకోవచ్చు. ట్రైపాడ్‌కు, లైట్లకు ముందుగా అనుమతి తీసుకోవాలి. కుటుంబంతో సెలవులకు వచ్చినవాళ్లు ఆ కాగితాల వెంట తిరగడం కంటే చేతితో తీయడం నేర్చుకోవడమే తెలివైన పని. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన పెట్టుకోకండి. రామప్ప, వేయి స్తంభాలు ఈనాటికీ పూజలు జరిగే గుళ్లు. గర్భగుడి వైపు కెమెరా ఎత్తేముందు అక్కడున్న పూజారి గారిని అడగండి, వద్దంటే దించేయండి.

ట్రైపాడ్ బదులు ఒక చిన్న గుడ్డ సంచిలో అరకిలో బియ్యమో పెసలో పోసి కుట్టించుకుని తెచ్చుకోండి. మండపం అరుగు మీద పెట్టి దానిమీద కెమెరా కూర్చోబెడితే అర సెకను దాకా కదలదు. చెక్కడాల మీద మాత్రం పెట్టకండి.

లక్నవరం, పాకాల, భద్రకాళి చెరువు గట్లలాంటి చోట ట్రైపాడ్ బాగా పనికొస్తుంది. ట్రైపాడ్ మీద పెట్టాక లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి. లేని వణుకును వెతికి అదే చిన్న వణుకు పుట్టించే లెన్సులున్నాయి.

రామప్పకు ఏ వేళ వెళ్తే మంచిది?

హనుమకొండ నుంచి గుడి ఉన్న పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. పొద్దుగాలే బయల్దేరండి. గుడి తూర్పు ముఖం కాబట్టి ఉదయపు ఎండ తూర్పు వాకిలి గుండా మండపంలోకి ఏటవాలుగా వస్తుంది. లోపలికీ బయటికీ తేడా తగ్గుతుంది. అప్పుడు మూడు ఫ్రేములతోనే పని అయిపోతుంది, మధ్యాహ్నమైతే అదే చోట ఐదారు కావాలి.

ఇక్కడ రాళ్లు రెండు రకాలు. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలూ చూరు కింది మదనికలూ నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందన్నది అందరికీ తెలిసిందే. ఫొటో తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ రాళ్ల తేడా. మీటర్ నల్లరాతిని చూసి చీకటి అనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతుంది, నలుపు బూడిద రంగవుతుంది. మదనికను దగ్గరగా తీస్తున్నప్పుడు బ్రాకెట్ మధ్యను −1 దగ్గర పెట్టుకోండి.

మదనికల దగ్గర ఇంకో చిక్కు ఉంది. చూరు కింద శిల్పం నీడలో ఉంటుంది, దాని వెనకే ఆకాశం ఉంటుంది. కింది నుంచి చూస్తే మోకాలి వంపు మీదా, హారం గుండ్ల మీదా ఆకాశం తెల్లటి చుక్కలుగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు చుక్కలే ఫొటోలో ముందుగా కాలిపోయేవి. చీకటి ఫ్రేమ్‌లో ఆ చుక్కలో రాతి వన్నె కనిపిస్తోందా అని స్క్రీన్‌ను పెద్దది చేసి చూడండి. కనిపించకపోతే ఇంకో స్టాప్ దిగండి. పోలరైజర్ ఉంటే ఆ మెరుపు కొంత తగ్గుతుంది, కానీ సెట్ మధ్యలో దాన్ని తిప్పకూడదు.

ఎండాకాలం సెలవుల్లోనే వీలవుతుంది. అప్పుడు మధ్యాహ్నం తీయవచ్చా?

తీయవచ్చు, ఫలితం మీద ఆశ తగ్గించుకుంటే. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలోనూ, మళ్లీ జులై ఆఖరునా మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. చూరు నీడ గోడ మీద నిలువునా పడి శిల్పాల ముఖాలన్నీ చీకటిలో మునుగుతాయి. హెచ్‌డీఆర్ ఆ చీకటిని తెరుస్తుంది గానీ, శిల్పానికి లోతు ఇచ్చే పక్క వెలుతురును పుట్టించలేదు. ఆ వేళ నీడ పట్టున కూర్చుని పొద్దుటి ఫైళ్లు చూసుకోండి. చెప్పులు విడిచి కాలే బండల మీద నిలబడి ఐదు ఫ్రేములు స్థిమితంగా తీయడం ఎవరివల్లా కాదు కూడా.

నవంబర్ నుంచి జనవరి దాకా సూర్యుడు దక్షిణానికి వాలి తక్కువ ఎత్తులో నడుస్తాడు. పగలంతా పక్క వెలుతురే. సంక్రాంతి సెలవులు దొరికితే అదే మంచి కాలం.

కోటలో తోరణాలను ఎలా తీయాలి?

ఓరుగల్లు కోట మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. పొద్దున్నే లోపలి వైపు నిలబడి తూర్పు తోరణం గుండా చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పొద్దుమూకే వేళ పడమటి తోరణం దగ్గరా అంతే. సూర్యుడు నేరుగా ఫ్రేమ్‌లో ఉంటే ఎన్ని ఫ్రేములు తీసినా ఆ బింబం చుట్టూ తెల్లటి మచ్చ ఉంటుంది. సూర్యుణ్ని తోరణం స్తంభం వెనక సగం దాచండి. ఎఫ్ 16 పెడితే అంచు దగ్గర కిరణాలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. లెన్స్ మీద వేలిముద్ర ఉంటే మాత్రం పొగ కమ్మినట్టు వస్తుంది. ముందు తుడవండి.

ఇక్కడ ఒక్క మాట. తోరణాన్ని నల్లటి ఛాయగా వదిలేస్తే వచ్చే అందం వేరు. రాతి మీది హంసలన్నీ కనిపించాలా, ఆకాశం ముందు తోరణం గీత ఒక్కటే చాలా అన్నది షట్టర్ నొక్కకముందే తేల్చుకోవాల్సిన విషయం.

కోట లోపలి ఖుష్ మహల్ గుడి కంటే సులభం. పొడవాటి హాలు, పెద్ద కమాన్లు. మొదటిసారి బ్రాకెటింగ్ చేసేవాళ్లు ఇక్కడే మొదలుపెడితే మేలు.

లక్నవరం వేలాడే వంతెన మీద తీసినవి ఎందుకు కలవడం లేదు?

వంతెన ఊగుతుంది కాబట్టి. మీరు కదలకపోయినా పక్కన నడిచేవాళ్ల అడుగులకు మొత్తం వంతెన కింది నుంచి మీదికి లేస్తుంది. మూడు ఫ్రేములు మూడు చోట్ల నుంచి తీసినట్టవుతుంది. దూరంగా ఉన్న కొండలను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, దగ్గరగా ఉన్న ఇనుప తాళ్లను చేయలేదు, అవి రెండేసి గీతలుగా కనిపిస్తాయి. గట్టు మీదికి వచ్చి వంతెనను తీయండి. వంతెన మీది నుంచే కావాలంటే ఒక్క రా ఫ్రేమ్, వెలుగు పోకుండా −1 దగ్గర తీసి, తర్వాత చీకటిని లేపండి.

బొగత జలపాతం దగ్గర నీళ్లు దయ్యం పట్టినట్టు వస్తున్నాయి.

పేరు కూడా అదే, ఘోస్టింగ్. ఒక ఫ్రేమ్‌కూ ఇంకో ఫ్రేమ్‌కూ నీళ్లు అదే చోట ఉండవు. 1/250 ఫ్రేమ్‌లో తుంపర్లుగా, 1/15లో పాలధారగా ఉన్న నీళ్లను కలిపితే మురికి మరకల్లా తేలుతుంది. కలిపిన ఫొటో మీద మధ్య ఫ్రేమ్‌ను పొరగా వేసి, నీళ్ల వరకు మాస్క్‌తో ఆ ఒక్క ఫ్రేమే చూపించండి. చెరువు మత్తడి దూకేటప్పుడు తీసే ఫొటోలకూ ఇదే మందు.

వానాకాలం ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద మంచు పేరుకుంటుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపి కెమెరాను బయటి గాలికి అలవాటు పడనివ్వండి.

బతుకమ్మ, మేడారం జాతర హెచ్‌డీఆర్‌లో తీయవచ్చా?

వద్దు. వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు చుట్టూ తిరుగుతూ ఆడేవాళ్లకు మూడు ఫ్రేముల్లో ఆరేసి చేతులు వస్తాయి. మేడారంలో జనం, దుమ్ము, ఎగిరే బంగారం (బెల్లం) అన్నీ కదిలేవే. ఒక్క రా ఫ్రేమ్, 1/250కి తగ్గకుండా.

ఫోన్‌తో నేర్చుకోవచ్చా?

బాగా నేర్చుకోవచ్చు. ఇప్పటి ఫోన్లు మీరు అడగకుండానే హెచ్‌డీఆర్ చేస్తున్నాయి. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి మొదట్లో ఎక్స్‌పోజర్ మార్చకుండా, ఒకే రకంగా కొంచెం చీకటిగా తీసిన చాలా ఫ్రేములను కలిపి గరుకు పోగొట్టేది, తర్వాత నీడలను లేపేది. వెలుగు ముందే కాపాడుకుంటే చీకటిని తర్వాత లేపుకోవచ్చన్న సూత్రం కెమెరాకూ పనికొస్తుంది.

ఫోన్‌లో వెలుగెక్కువ ఉన్న చోట వేలు పెట్టి కాసేపు నొక్కితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. బటన్ నొక్కాక కూడా అర సెకను ఫోన్ దించకండి, అప్పటికింకా ఫ్రేములు తీస్తూనే ఉంటుంది. లైట్‌రూమ్ మొబైల్ యాప్‌లోని కెమెరాలో కొన్ని ఫోన్లకు హెచ్‌డీఆర్ మోడ్ ఉంది, అది రా స్థాయి ఫైల్ ఇస్తుంది. స్నాప్‌సీడ్‌లో ఉన్న హెచ్‌డీఆర్ స్కేప్ మాత్రం ఒక్క ఫొటో మీద వేసే ఎఫెక్ట్. తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని అది తిరిగి తేలేదు.

టీవీ మీద రాసి ఉండే హెచ్‌డీఆర్, ఇదీ ఒకటేనా?

కాదు. టీవీలోనిది ఎక్కువ వెలుగును చూపించగల తెర గురించి. మనం ఇక్కడ చేస్తున్నది ఎక్కువ వెలుతురు తేడాను పట్టుకుని మామూలు తెర మీదో కాగితం మీదో సరిపడేలా కుదించడం. ఆ కుదించడాన్నే టోన్ మ్యాపింగ్ అంటారు. కొత్త ఫోన్లలో రెండూ కలిసిపోతున్నాయి, అందుకే ఈ గందరగోళం.

రాత్రి బసకు చేరాక ఫైళ్లను ఎలా కలపాలి?

కంప్యూటర్‌లో లైట్‌రూమ్ క్లాసిక్ ఉంటే మూడు ఫ్రేములూ ఎంచుకుని కంట్రోల్, హెచ్ నొక్కండి. ఆటో అలైన్ ఆన్ చేయండి. ఆటో సెట్టింగ్స్ ఆపేయండి, మొదట్లో మీ చేత్తో మీరే చేస్తే ఏది ఏం మారుస్తుందో తెలుస్తుంది. ఆకులు కదిలి ఉంటే డీఘోస్ట్‌ను ‘లో’ (తక్కువ) దగ్గర పెట్టండి. అనవసరంగా ‘హై’ (ఎక్కువ) పెడితే ఆ భాగాలను ఒకే ఫ్రేమ్ నుంచి తీసుకుంటుంది, నీడల్లో గరుకు బయటపడుతుంది.

కలిసిన ఫైల్ రా లాగే పనిచేస్తుంది. మొదట హైలైట్స్ −60 దాకా దించండి. షాడోస్ +40 దాటకండి. తర్వాత బ్లాక్స్‌ను, ఫొటోలో ఎక్కడో ఒక చోట నిండు నలుపు వచ్చేదాకా కిందికి లాగండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, హెచ్‌డీఆర్ ఫొటోలు బూడిద చల్లినట్టు ఉండటానికి కారణం కూడా ఇదే. క్లారిటీ +15 చాలు.

డబ్బు పెట్టకుండా చేయాలంటే హ్యూగిన్ ఉంది. చేతిలో తీసిన ఫ్రేములను సరిచేసి, వాటిని నేరుగా కలిపేస్తుంది. ఈ పద్ధతిని ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అంటారు, సహజంగా వస్తుంది. జేపెగ్ గానీ టిఫ్ గానీ ఇవ్వాలి. డార్క్‌టేబుల్‌లో కూడా రా ఫైళ్లను కలపవచ్చు, కానీ అది ఫ్రేములను సరిచేయదు, ట్రైపాడ్ మీద తీసినవే ఇవ్వండి. ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్‌లో రకరకాల టోన్ మ్యాపింగ్ పద్ధతులున్నాయి. ఫట్టల్ అన్నది ఎంచుకుంటే పెయింటింగ్‌లా అతిగా వస్తుంది, రైన్‌హార్డ్ నెమ్మదైనది.

గుడి శిఖరం చుట్టూ తెల్లటి వెలుగు వలయం వస్తోంది. దేవుడి ఫొటోలా ఉంది!

హేలో అంటారు. చీకటి రాయి, వెలుగు ఆకాశం కలిసే అంచు దగ్గర సాఫ్ట్‌వేర్ స్థానికంగా కాంట్రాస్ట్ పెంచినప్పుడు వస్తుంది. క్లారిటీ, షాడోస్ తగ్గించండి. ఫోటోమాటిక్స్‌లాంటి వాటిలో స్ట్రెంగ్త్ తగ్గించి, స్మూతింగ్ పెంచండి. అప్పటికీ పోకపోతే ఆకాశానికి వేరే మాస్క్ వేసి అక్కడి వెలుతురు విడిగా దించండి.

ఏ మూడు ఫ్రేములు ఒక సెట్టో ఇంటికొచ్చాక తెలియడం లేదు.

ఒక్కో సెట్‌కూ ముందు మీ అరచేతిని లెన్స్ ముందు పెట్టి ఒక ఫొటో తీయండి. కంప్యూటర్‌లో చూసినప్పుడు అరచేయి కనిపించిన చోటల్లా కొత్త సెట్ మొదలు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో మూడు రా ఫైళ్లు 75 నుంచి 90 ఎంబీ దాకా తింటాయి. 32 జీబీ కార్డులో సుమారు 350 సెట్లు పడతాయి. రెండు రోజుల యాత్రకు చాలు, కానీ బ్యాటరీ చాలదు. రెండోది దగ్గర పెట్టుకోండి.

భద్రకాళి చెరువు దగ్గర సాయంత్రం ఎంతసేపు ఉండాలి?

నవంబర్ ఆఖరులో సుమారు 5:40కి, జులైలో 6:50 ప్రాంతంలో పొద్దు మునుగుతుంది. అరగంట ముందే చోటు చూసుకోండి. మునిగాక అందరూ లేచి వెళ్లిపోతారు, మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. ఆకాశం నీలం, వీధి దీపాల వెలుగు ఇంచుమించు సమానమయ్యే సమయం ఒక ఐదు పది నిమిషాలు వస్తుంది. అప్పుడు ఒక్క ఫ్రేమే చాలవచ్చు. దీపాలు కాలిపోకుండా −2 ఒకటి తీసి పెట్టుకోండి. నీటిలోని ఆకాశం పైదానికంటే ఎప్పుడూ కొంచెం చీకటిగానే ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండూ సమానం చేస్తే చూసేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది.

వాట్సాప్‌లో పంపితే రంగులు చచ్చిపోతున్నాయి.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి, అడోబీ ఆర్‌జీబీ ఉంటే చాలా ఫోన్లలో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. పొడవు వైపు 2048 పిక్సెళ్లు, నాణ్యత 85 చాలు. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ దాన్ని కుదించదు. ఆల్బమ్‌కు ప్రింట్ వేయిస్తే కాగితం మీద నీడలు తెర మీదికంటే ముదురుగా వస్తాయి. ఫైల్‌ను అర స్టాప్ వెలుగుగా చేసి, ముందు ఒక చిన్న సైజు ప్రింట్ తీయించి చూసుకుని, తర్వాత పెద్దవి ఇవ్వండి.